తీగకు గుచ్చిన ఉత్తరాలు ఎవరివి?

ఫోన్లొచ్చి ప్రేమలు పోయాయట. పూర్వం అత్తింటి నుంచి కూతుళ్ళు అమ్మకు పేజీలకు పేజీలు మనసు విప్పి రాసుకునేవాళ్ళట. ఏ ఆదివారం అనుబంధం తిరగేసినా ఈ ఏడుపు ఒకటి తగులుతుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు వాళ్ళు కూడా ఇదే రాస్తుంటే నాకు చోద్యంగా ఉంటుంది. ఏ కూతురండీ? ఏ అమ్మకు?

1901 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద చదవను రాయను వచ్చిన ఆడవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. 1931కి ముగ్గురి దాకా వచ్చారు. అమ్మకూ కూతురికీ ఇద్దరికీ చదువొచ్చిన ఇళ్ళు ఎన్ని ఉంటాయో లెక్క వేసుకోండి. ఒకరికి వచ్చి ఒకరికి రాకపోతే అవతలి కొసన చదివిపెట్టే మగవాడు ఉండాల్సిందే. పావు అణా కార్డు 1879లోనే వచ్చింది, నిజమే. కార్డంటే తెరిచిన పుస్తకం. పోస్టుమాన్ దగ్గర్నుంచి మామగారి దాకా అందరూ చదివాకే అది కోడలి దాకా వచ్చేది.

ఆనాటి ఇళ్ళల్లో వసారా గుంజకు ఒక ఇనప తీగ వేలాడేది, కింద చెక్క బిళ్ళ, పైన కొక్కెం. వచ్చిన ఉత్తరమల్లా దానికి గుచ్చేవాళ్ళు. ఆ కట్టలోంచి ఒక్క కార్డు దించి చూడండి. మొదట ‘ఉభయకుశలోపరి’. తర్వాత శిస్తు, దాళ్వా, ఎద్దుల బేరం, కోర్టు వాయిదా. చోటు చాలక అంచున అడ్డంగా ఇరికించిన చివరి ముక్క: ‘చి.ల.సౌ. అమ్మాయి కులాసాగా ఉన్నది’. రాసింది అల్లుడు, అందుకున్నది మామ. మనం తల్లీకూతుళ్ళ ఉత్తరమని మురిసిపోయేది ఈ అరలైనునే. ఆ కులాసా నిజమో కాదో ఆ పిల్లనెవరూ అడగలేదు.

అలాగని వాళ్ళు మూగగా బతికారని నేననను. కబురు నడిచింది. గాజుల మలారం ఎత్తుకుని ఊళ్ళు తిరిగే ఆయన తెచ్చేవాడు, పురిటికి వచ్చి వెళ్ళే చాకలి మనిషి తెచ్చేది. 1916లో రేపల్లెకు రైలు పడ్డాక కబురు మోసే మనిషికి దారి కాస్త సులువైంది. ‘ఈసారి పండక్కి నాన్నని తప్పకుండా రమ్మను’ అంటే ఏమిటో అమ్మకు తెలుసు. ఇక్కడ ఉండలేకపోతున్నానని. దాన్ని కాగితం మీద పెట్టే ధైర్యం ఎవరికుంది?

‘రాత మాకు కొత్తా? భట్టిప్రోలు మా పక్కనే ఉంది’ అనే పెద్దలున్నారు. ఉంది, తెనాలి నుంచి రేపల్లె పోయే దారిలోనే. 1892లో అక్కడ తవ్వి తీసిన ప్రాచీన శాసనపు రాతి భరిణె ఒకదాని మీద దాతల్లో ఒక అమ్మ కూడా ఉంది. ‘కూర తల్లి’ అని మాత్రమే చెక్కారు. కొడుకు పేరుంది, ఆవిడ పేరు లేదు. రాత ఊళ్ళో ఉన్నంత మాత్రాన ఆడదాని చేతికి వచ్చినట్టు కాదు.

చేతికి వచ్చిన వాళ్ళూ ఉన్నారు. బాపట్లలో 1896లో పుట్టిన కనుపర్తి వరలక్ష్మమ్మకు పన్నెండు పదమూడేళ్ళకే పెళ్ళయింది. ఆవిడే ‘గృహలక్ష్మి’ పత్రికలో ఏళ్ళ తరబడి ‘శారద లేఖలు’ రాశారు, ఊళ్ళో స్త్రీహితైషిణీ మండలి పెట్టారు. ఆ లేఖలు ఎవరికి? కల్పలత అనే స్నేహితురాలికి. అమ్మకు కాదు. నా అనుమానం ఏమిటంటే, చదువుకున్న అమ్మకు కూతురు రాసే ఉత్తరమంటే అప్పటి పాఠకులకు నమ్మబుద్ధి కాదు. పైగా అవి అచ్చులో వచ్చినవి, అందరూ చదవడానికి రాసినవి. గుట్టు విప్పి తల్లికి రాసుకున్న కాగితాలు కావు.

ఇప్పుడు చూడండి. తెనాలిలో అక్షరమ్ముక్క రాని ఒకావిడ వాట్సాప్‌లో మైకు బొమ్మ నొక్కిపెట్టి డల్లాస్‌లో ఉన్న కూతురితో మాట్లాడుతుంది. మధ్యలో రాసిపెట్టే అల్లుడు లేడు, చదివిపెట్టే మామ లేడు. కూతురు బాత్రూం తలుపేసుకుని విని, ఏడ్చి, జవాబు పంపుతుంది. నన్నడిగితే మన వైపు సామాన్యపు ఇళ్ళల్లో తల్లీకూతుళ్ళ ఉత్తర ప్రత్యుత్తరాలు మొదలైంది ఈ ఫోనుతోనే. దాన్ని పట్టుకుని ప్రేమలు చచ్చాయంటారేం?

పాత ట్రంకుపెట్టెలో కార్డు దొరికిందని వ్యాసం రాయబోతున్నారా? ముందు ఆ దస్తూరీ ఎవరిదో చూడండి. ఆ తర్వాత, ఇంట్లో ఎనభై దాటిన అమ్మమ్మ ఉంటే పక్కన కూర్చుని, అప్పట్లో తన తల్లికి చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఏమిటని అడగండి. అది రాయండి.