బల్ల లేని ఇంటికి పీఠం కావాల్సిందే, అయినా తాత వైస్ అమ్మొద్దు

పోయిన నెల కోయంబత్తూరులో అందరం కలిసినప్పుడు మా అన్న కొడుకు ఒక మాట అడిగినాడు. "చిన్నాయనా, తాత ఈగలు కట్టే వైస్ అటక మీద తుప్పు పడతా ఉంది కదా, దాన్ని ఎవరికైనా ఇచ్చేసి నేను పీఠం ఉండే కొత్తది తెప్పించుకోనా?" అప్పటికి నోటికొచ్చింది చెప్పి కసిరేసినాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే వాడు అడిగిన దాంట్లో సగం న్యాయం ఉంది. ఆ సగం ఏది, మిగతా సగం ఎందుకు కాదు అనేది ఇక్కడ రాస్తా ఉన్నాను. వాడొక్కడి కోసమే కాదు, పాత సామాను కనపడగానే "ఇది ఇంకెందుకు" అనే మన ఇళ్ళ పిల్లలందరి కోసం.

తెలియని వాళ్ళకు ముందు రెండు మాటలు. ఈగ కట్టడం అంటే చిన్న గాలానికి ఈకలు, ఉన్ని, దారం చుట్టి నీళ్ళ మీద వాలిన పురుగు మాదిరి చేయడం. ట్రౌట్ చేప దాన్ని నిజమైన పురుగనుకొని అందుకుంటుంది. ఈ చేప మన నీలగిరి వాగుల్లో పుట్టింది కాదు. 1860ల్లో ఫ్రాన్సిస్ డే దాన్ని ఇంగ్లండు నుంచి తేవాలని చూస్తే కుదరలేదు. తరువాత విల్సన్ అనే ఆయన పూనుకొని, 1907లో అవలాంచిలో పిల్లల్ని పొదిగించే కేంద్రం పెట్టినాక రెయిన్‌బో ట్రౌట్ ఇక్కడ నిలదొక్కుకుంది. మా తాత కూనూరు దగ్గర టీ తోటలో లెక్కలు రాసేవాడు. తోట దొర దగ్గర చూసి చూసి ఈ పని పట్టుకున్నాడు. దొర ఊరికి పోతా పోతా ఇచ్చిపోయిందే ఆ క్లాంప్ వైస్.

వైస్ చేసే పని ఒక్కటే. గాలాన్ని కదలకుండా పట్టుకోవాలి. పట్టుకునేది దవడలు. ఆ దవడల్ని మోసే కడ్డీ కింద ఏముంది అన్నదే ఇప్పుడు మనకున్న తగువు. క్లాంప్ అయితే బల్ల అంచుకు మర బిగించి నిలబెడతాం. పీఠం అయితే బరువైన ఇనుప పలక మీద కడ్డీ నిలబడి ఉంటుంది, బల్ల మీద ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

మన ఆడవాళ్ళకు ఈ తేడా విడమరిచి చెప్పాల్సిన పని లేదు. కొబ్బరి కోరేది రెండు రకాలు కదా. ఒకటి అవ్వ కాలు వేసి, పీట మీద కూర్చొని కోరేది. ఇంకొకటి వంటింటి గట్టు అంచుకు మర తిప్పి బిగించేది. రెండో దాన్ని కొత్త గ్రానైట్ గట్టుకు బిగించాలని చూసినవాళ్ళకు తెలుసు, గట్టు మందం దాని నోటికి పట్టదు, పట్టినా నున్నటి రాయి మీద జారిపోతుంది. అప్పుడు అవ్వ పీటే గతి. ఆ పీటనైనా కదలకుండా ఉంచింది దాని చెక్క కాదు, మీద కూర్చున్న అవ్వ బరువు.

నా వరకు నేను క్లాంప్ పక్షమే. ఎందుకంటే బిగించినాక బల్లంతా వైస్ అయిపోతుంది. తాత టేకు బల్ల ఇద్దరు మోస్తే గానీ కదిలేది కాదు. మహాశీర్ కోసం పెద్ద గాలం మీద బొచ్చు కట్టేటప్పుడు దారాన్ని గట్టిగా లాగాలి. అప్పుడు వైస్ వెంట్రుకంత కదిలినా చుట్టు వదులవుతుంది. క్లాంప్‌కు ఆ భయం లేదు. ఇంకొక సుఖం, కడ్డీని పైకీ కిందికీ జరుపుకోవచ్చు. పొడుగువాడు పైకి లేపుకుంటాడు, పిల్లకాయ కిందికి దించుకుంటాడు. దవడలు బల్ల అంచు దగ్గరే, మన వైపే ఉంటాయి కాబట్టి మెడ వంచి కూర్చునే పని లేదు. చాలా పీఠాలకు ఈ ఎత్తు సర్దుబాటు తక్కువ. గంట కూర్చుంటే భుజం చెప్తుంది ఆ సంగతి.

ఇప్పుడు వాడి వైపు న్యాయం. వాడుండేది బెంగుళూరులో అద్దె ఇల్లు. అన్నం తినే బల్లకు పైన అద్దం. చదువుకునే బల్లకు అంచు కిందనే చెక్క చట్రం, క్లాంప్ నోరు దూరదు. వంటింటి గట్టు సంగతి ఇందాకే చెప్పినాను. అద్దానికి క్లాంప్ బిగిస్తే పగులుతుంది, ఇంటాయన అడ్వాన్సులో పట్టుకుంటాడు. రాత్రి పని అయినాక బల్ల ఖాళీ చేయాలి, పొద్దున అదే బల్ల మీద ఆఫీసు పని. ఇట్లాంటి ఇంట్లో "క్లాంపే మేలు" అని నేను ఎంత వాదించినా, నీళ్ళు లేని చోట ఈత నేర్పినట్టే. క్లాంప్ మంచితనం అంతా బల్ల మంచితనం. ఆ బల్ల భాగాలు పంచుకున్నప్పుడే మన చేయి దాటిపోయింది. దాన్ని పోగొట్టుకున్నది మా తరం, వాడు కాదు.

కాబట్టి వాడికి పీఠం కావాల్సిందే. కానీ పీఠం కావాలంటే కొత్త వైస్ కొనాలని ఎవరు చెప్పినారు? వాడు తప్పు లెక్క వేసింది ఇక్కడే. నేనూ ఒకప్పుడు అదే తప్పు చేసినాను. తక్కువ ధరకు వచ్చిందని పీఠం వైస్ ఒకటి కొన్నాను. పలక కిలో కూడా లేదు. దారం లాగితే వైస్ నా వెంట వచ్చేది. ఎడమ చేత్తో పీఠాన్ని, కుడి చేత్తో దారాన్ని పట్టుకుంటే ఈక పట్టేదెవరు? దవడలు మెత్తటి ఇనుము, ఆరు నెలలకే గాలం ముద్ర పడి, చిన్న గాలాలు జారడం మొదలైంది. పీఠాన్ని చూసి కొన్నాను, దవడల్ని చూడలేదు.

తాత వైస్ దవడలు ఇప్పటికీ 16 నంబరు గాలాన్ని, అంటే గోరంత కూడా లేని దాన్ని, కదలకుండా పడతాయి. నమ్మకపోతే పరీక్ష సులువు. గాలం బిగించి, దాని కంటిని వేలితో కిందికి నొక్కాలి. గాలం తీగ వంగి మళ్ళీ పైకి లేస్తే దవడలు మంచివి. దవడల్లోనే తిరిగిపోతే పారెయ్యొచ్చు. అమ్మే ముందు వాడు ఈ పరీక్ష చేసి నాకు చెప్పాలి.

ఆ వైస్ కడ్డీ మందం అంగుళంలో 3/8 వంతు, అంటే సుమారు 9.5 మిల్లీమీటర్లు. ఈ కాలం వైసులు చాలా వాటికి కూడా ఇదే కొలత. క్లాంప్ విప్పేస్తే కడ్డీ విడిగా వస్తుంది. దానికి కింద పలక ఒకటి చేయిస్తే చాలు. లేతు, డ్రిల్లింగ్ మిషను లేని వీధి కోయంబత్తూరులో ఎక్కడుంది చెప్పండి. 150 మిల్లీమీటర్ల పొడవు, 100 వెడల్పు, 20 మందం ఉన్న ఇనుప పలక సుమారు 2.35 కిలోలు తూగుతుంది. దాంట్లో కడ్డీ పట్టేటంత బెజ్జం వేయించి, పక్కనుంచి ఒక చిన్న మర పెట్టి బిగించాలి. 20 మిల్లీమీటర్ల లోతు చాలక కడ్డీ ఊగితే పైన ఒక గొట్టం ముక్క వెల్డింగ్ చేయించుకోవచ్చు. అడుగున రబ్బరు షీటు అతికిస్తే అద్దం మీద కూడా జారదు, గీతలు పడవు.

ఒక్కటి మాత్రం మరిచిపోకూడదు. బెజ్జం ఎక్కడ వేయాలో గాలాన్ని బట్టి చూడాలి. దవడల్లో బిగించిన గాలం కొన నుంచి ఒక దారం కిందికి వేలాడదీస్తే అది పలక మీదే పడాలి. పలక దాటి బయట పడితే కిందికి లాగిన ప్రతిసారీ పీఠం లేస్తుంది. పలకను ఎంత బరువు చేసినా ఆ లోపం పూర్తిగా పోదు.

మిగిలిన క్లాంప్‌ను మాత్రం సంచిలో వేసి ఉంచుకోమంటాను. కొండకు పోయినప్పుడు రెండున్నర కిలోల పలక ఎవరు మోస్తారు? గెస్ట్ హౌసుల్లో ఇప్పటికీ చెక్క బల్లలుంటాయి. ఒక అట్టముక్క అడ్డం పెట్టి బిగిస్తే బల్లకు మచ్చ పడదు.

కొత్త వైస్ కొనకుండా మిగిలిన డబ్బుతో మంచి దారం, మంచి ఈకలు కొనుక్కోరా అబ్బాయీ. తాత డబ్బాలో ఉన్న అడవికోడి మెడ ఈకల జోలికి మాత్రం పోవద్దు, ఆ పక్షికి 1972 చట్టం రక్షణ ఉంది. అమ్మడం, కొనడం మాటే తలపెట్టొద్దు. మన పెంపుడు డేగ పుంజు ఎర్ర ఈకలు, కాకి పుంజు నల్ల ఈకలు చాలు, తాత కట్టిన వాటిల్లో చాలా వరకు అవే.

పలక చేయించినాక తీసుకొని మా ఇంటికి రా. మొదటి ఈగ ఇద్దరం కలిసి కడదాం. నా చెయ్యి ఇప్పుడు కొంచెం వణకతా ఉంది, కళ్ళజోడు మార్చినా దారం రెండుగా కనపడతా ఉంది. తాత దగ్గర కూర్చొని నేర్చుకున్నవాళ్ళలో మిగిలింది నేనొక్కడినే. వైస్ ఇంకొన్నాళ్ళు ఆగగలదు, నేను ఆగలేను.