స్టార్ట్ బటన్ ఎడమ మూలకు ఎందుకు జరిపాను?

పోయిన పేరెంట్స్ మీటింగ్ రోజు ఒక తండ్రిగారు కంప్యూటర్ ల్యాబ్ చూసొచ్చి సూటిగా అడిగారు: "ఇంత ఫీజు కడుతున్నాం కదా మేడమ్, ఇంకా పాత విండోసేనా?"

మన ల్యాబ్‌లో ఉన్నది విండోస్ 11. కాకపోతే నాలుగు, ఐదు తరగతుల పిల్లలు కూర్చునే కంప్యూటర్లలో స్టార్ట్ బటన్‌ని మధ్యలోంచి ఎడమ మూలకు జరిపాను. డెస్క్‌టాప్ మీద 'దిస్ పీసీ' గుర్తు కనిపించేలా పెట్టాను. చూడగానే పదేళ్ల కిందటి కంప్యూటర్ అనిపిస్తుంది. అది నేను కావాలనే చేశాను కాబట్టి కారణం చెప్పాల్సిందీ నేనే.

మొదటి వారం ఒక పాప తెర ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. ఏమ్మా అంటే, "మా నాన్న షాపులో కంప్యూటర్ ఇట్లా లేదు మేడమ్" అంది. గిద్దలూరు, కంభం, తర్లుపాడు వైపు నుంచి వచ్చే మన పిల్లల్లో చాలామంది మొదట చూసిన కంప్యూటర్ అమ్మానాన్నల షాపులోనిదో, బాబాయి వాడే పాత లాప్‌టాప్పో. అక్కడ స్టార్ట్ ఎడమ మూలనే ఉంటుంది. నలభై నిమిషాల పీరియడ్‌లో సగం బటన్ వెతకడానికే పోతే, ఇక నేర్చుకునేది ఎప్పుడు?

కొత్తదాన్ని పాతదానిలా మార్చుకోవడం వెనకబాటుతనం కాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే పాత పద్ధతి స్టార్ట్ మెనూకు మారే వీలును మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. 2012లో విండోస్ 8 నుంచి స్టార్ట్ బటన్‌ని తీసేస్తే వాడేవాళ్లు గోల పెట్టారు. మరుసటి ఏడాది 8.1లో బటన్ తిరిగొచ్చింది, 2015లో విండోస్ 10తో మెనూ కూడా వచ్చింది. అంత పెద్ద కంపెనీయే అలవాటుకు విలువిచ్చి వెనక్కి తగ్గింది. తొమ్మిదేళ్ల పిల్లల అలవాటుకు మనం ఆ మాత్రం విలువ ఇవ్వలేమా?

అయితే ఒక హద్దు ఉంది. మన మార్కాపురం పలకనే చూడండి. చట్రం చెక్కదైనా ప్లాస్టిక్‌దైనా మన ఇష్టం, లోపలి రాయి మాత్రం పగుళ్లు లేకుండా ఉండాలి. కంప్యూటరూ అంతే. పైరూపం పాతదైతే నష్టం లేదు. లోపలి విండోసే పాతదైతే ప్రమాదం. విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న మామూలు మద్దతు ముగిసింది. అలాంటి కంప్యూటర్‌లో బ్యాంకు పని చేయడం, ఓటీపీలు కొట్టడం మంచిది కాదు. పెళ్లిపత్రికలు చేసే డీటీపీ షాపులో పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం పాత సిస్టమ్ ఉంచుకుంటారు. అది వాళ్ల వృత్తి అవసరం. దానికి ఇంటర్నెట్ తీసేసి వాడుకుంటే సరి. ఇంకో మాట, 'ఎక్స్‌పీ థీమ్' అంటూ ఎక్కడపడితే అక్కడ దొరికే ఫైళ్లను పిల్లల చేత దించుకోనివ్వకండి. సెట్టింగ్స్‌లో ఉన్న మార్పులు మనకు చాలు.

"మరి మా పిల్లలు కొత్తదానికి అలవాటు పడొద్దా?" అంటారేమో. పడాలి. అందుకే దసరా సెలవుల తర్వాత అదే పిల్లల చేత బటన్‌ని మళ్లీ మధ్యకు జరిపిస్తాను. ఆరో తరగతి నుంచి కంపెనీ ఇచ్చిన రూపమే ఉంటుంది. నోట్‌ప్యాడ్‌ని మూడు దారుల్లో తెరవడం వాళ్లకు నేను పెట్టే పరీక్ష. బటన్ ఎక్కడున్నా కీబోర్డులో విండోస్ కీ నొక్కి పేరు టైప్ చేస్తే వస్తుందని తెలిసిన బిడ్డ రేపు ఏ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టినా బెదరదు. "స్టార్ట్ ఎడమవైపు ఉండును" అని బట్టీపట్టిన బిడ్డ బెదురుతుంది.

మా నాన్నగారు పలకల ఫ్యాక్టరీలో లెక్కలు చూసేవారు. ఇంట్లో లాప్‌టాప్ మార్చాక ఆయన మళ్లీ నోటు పుస్తకం తీశారు. "రాదని కాదమ్మా, ప్రతిసారీ నిన్ను అడగాలంటే మొహమాటం" అన్నారు. రెండు నిమిషాల్లో పాత రూపానికి మార్చి ఇచ్చాను. ఆ సాయంత్రమే లెక్కలు మళ్లీ ఎక్సెల్‌లోకి ఎక్కాయి.

అందుకే ఈ నెల పిల్లలకు ఒక ఇంటిపని ఇస్తున్నాను. ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లకు ఎలా కావాలో అడిగి అలా మార్చి ఇవ్వాలి. విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, టాస్క్‌బార్, టాస్క్‌బార్ బిహేవియర్స్‌లోకి వెళ్లి అలైన్‌మెంట్‌ని 'లెఫ్ట్' చేస్తే చాలు. అక్షరాలు చిన్నగా ఉన్నాయంటే యాక్సెసిబిలిటీలో టెక్స్ట్ సైజు పెంచాలి. "తాతకు ఇది కూడా రాదు" అని నవ్వితే మార్కులు లేవు. తాతయ్య ఒక్కసారైనా తనంతట తాను ఫైలు తెరిస్తే పూర్తి మార్కులు.