బ్యాటరీని నిందించుటకు ముందు

కర్నూలు, కడప ప్రాంతములలో పాత మోటారు సైకిళ్లను ప్రాణప్రదముగా కాపాడుకొనువారు నేటికిని ఉన్నారు. మైసూరులో 1961లో ఉత్పత్తి మొదలిడి 1996లో మూతపడిన ఐడియల్ జావా వారి బండ్లు కొన్ని. 1955లో మద్రాసున నెలకొన్న ఎన్‌ఫీల్డ్ ఇండియా వారి బుల్లెట్లు కొన్ని. ఇంజను నిక్షేపముగా నడుచును. దీపము మాత్రము మిణుకుమిణుకుమనును, హారను మూలుగును. అప్పుడు అందరి నోటను ఒకటే మాట: బ్యాటరీ పోయినది. క్రొత్తది వచ్చును, నెల తిరుగక ముందే అదియు చతికిలబడును. తుదకు బండి పాత ఇనుము కొట్టు చేరును. పదవిభాగము చేయకయే తాత్పర్యము వ్రాయు విద్యార్థి పొరపాటే ఇది.

బ్యాటరీ తొట్టి వంటిది. కపిల బావుల కాలపు రైతు తొట్టి ఎండినదని క్రొత్త తొట్టి కట్టించలేదు; కపిల నడుచుచున్నదా, కాలువ ఎక్కడ తెగినది అని చూచినాడు. ఇచ్చట కపిల డైనమో, కాలువ తీగలు.

ఆరు వోల్టుల బ్యాటరీలో మూడు అరలుండును. నిండుగా నున్నప్పుడు మీటరు ఆరుకు కొంచెము పైన చూపును. ఇంజను మధ్యమ వేగమున తిరుగునప్పుడు ఆ అంకె ఏడు దాటవలెను. దాటకున్నచో తొట్టిది దోషము కాదు. జావాకు ఇంకొక సాక్షి కలదు. తాళము త్రిప్పగనే ఎఱ్ఱ దీపము వెలిగి, ఇంజను వేగము పుంజుకొనగనే ఆరవలెను. ఆరకున్న డైనమో నుండి విద్యుత్తు రాలేదన్నమాట. అసలే వెలుగకున్నచో సంతోషింప పనిలేదు. ఆ దీపపు విద్యుత్తు డైనమో కార్బన్ల గుండానే పోవును. కనుక బల్బైనను మాడియుండవచ్చును, కార్బన్లైనను అరిగిపోయి ఉండవచ్చును. రెగ్యులేటరు పాయింట్లు అతుకుకొన్నచో కథ తలక్రిందులగును: చార్జింగు మితిమీరి క్రొత్త బ్యాటరీయే ఉడికిపోవును. కొండనాలుకకు మందు వేసిన సామెత ఇచ్చట అక్షరాల నిజము.

ఆల్టర్నేటరు గల బుల్లెట్లలో ఈ కార్బన్ల బెడద లేదు. కాయిళ్లను, రెక్టిఫైయరును చూడవలెను. ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగ ఊడదీసి పరీక్షించు అలవాటు కొందరికి కలదు. అది పరీక్ష కాదు, సాహసము. వోల్టేజి ఒక్కసారిగా పెరిగి బల్బులు మాడును.

సీమకు ప్రత్యేకమైన చిక్కు నీరు. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు ఎండకు బ్యాటరీ నీరు త్వరగా ఇగిరి పలకలు బయటపడును. ఆ లోటును బోరు నీటితో నింపువారు కలరు. వంటపాత్రలలో తెల్లని చారలు మిగిల్చు ఆ నీరే పలకల నడుమ చేరును. డిస్టిల్డ్ వాటరు కొనుటకు పిసినారితనము చూపి బ్యాటరీ కొనుటకు ఉదారత చూపుట విచిత్రమే!

పాత ఏర్పాటును తీసివేసి పండ్రెండు వోల్టులకు మార్చుటయే మేలని కొందరి వాదము. నిత్యము రాత్రివేళ తిరుగువారికి అది సమ్మతమే. కాని తుప్పుపట్టిన ఎర్తు బోల్టు ఆరు వోల్టులనే కాదు, పండ్రెండింటిని కూడ అడ్డగించును.

ఫారడే 1831లో విద్యుదయస్కాంత ప్రేరణమును కనుగొనెనని ఇంటర్మీడియెట్ విద్యార్థి తడుముకొనక చెప్పును. అదే సూత్రముతో పనిచేయు తాతగారి జావా ఇంటి వసారాలో గోనెపట్టా క్రింద నిలిచియుండును. ఉపాధ్యాయుడు ఒక్క మధ్యాహ్నము ఆ పట్టాను తొలగించి, విద్యార్థి చేతికి మీటరు ఇచ్చిన ఎంత బాగుండును! మీటరు వెల క్రొత్త బ్యాటరీ వెలకంటె తక్కువ. మొదటి పరీక్షకు డైనమో మూత విప్పనక్కరలేదు. ఎర్తు తీగ కొసనున్న బోల్టును విప్పి, తుప్పు గీకి, గట్టిగా బిగించి చూచిన చాలును.