ముందు ఉల్లిగడ్డ కోసి చూపించండి

స్లైడ్లు చదివి వినిపించి దాన్నే ప్రజెంటేషన్ అనుకునే అలవాటును మన ఆఫీసులు, కాలేజీలు ఇకనైనా మానుకోవాలి. తెర నిండా అక్షరాలు. మాట్లాడే మనిషి మొహం తెరవైపు, వీపు మనవైపు. మొదట సంస్థ పుట్టుపూర్వోత్తరాలు, తర్వాత ఆశయాలు, ఆపైన పెద్దల ఫొటోలు. అసలు సంగతి వచ్చేసరికి సగం మంది ఫోన్లలో తల దూర్చేసి ఉంటారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు.

దీనికి విరుగుడు నేర్పే బడి మన హైదరాబాద్ నాంపల్లిలోనే ఉంది. అదే ఏటా జరిగే నుమాయిష్ ప్రదర్శన. అప్పటి హైదరాబాద్ సంస్థానంలో ఆర్థిక సర్వేకు నిధులు కూడబెట్టాలని ఉస్మానియా పట్టభద్రులు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో దాన్ని మొదలుపెట్టారు. 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. ఇక్కడ తయారైన సరుకును జనం కళ్ల ముందు పెట్టాలన్నది అప్పటి ఆలోచన. ఆ చూపించే విద్య అక్కడ ఇంకా బతికే ఉంది. ఈసారి వెళ్లినప్పుడు కూరగాయలు కోసే పరికరం అమ్మేవాడి స్టాలు దగ్గర కాసేపు నిలబడండి.

అతను కంపెనీ చరిత్ర చెప్పడు. ఉల్లిగడ్డ తీసుకుని టకటకా కోసేస్తాడు. ఆ చప్పుడుకే నలుగురు ఆగుతారు. తర్వాత క్యారెట్, ఆలుగడ్డ. చేతులు పని చేస్తూనే ఉంటాయి, చూపు మాత్రం జనం మీదే. వెనక నిలబడ్డ ఇల్లాలు పెదవి విరిస్తే చాలు, ఆమె అడగకముందే బ్లేడు ఊడదీసి, నీళ్లతో కడిగి, మళ్లీ బిగిస్తాడు. పిల్లను ఎత్తుకున్న తల్లి కనిపిస్తే వేలు తెగకుండా పట్టుకునే పిడి చూపిస్తాడు. తెలుగువాళ్లతో తెలుగు, మిగతావాళ్లతో హైదరాబాదీ హిందీ. జనం ముందుకు జరిగాకే ధర చెబుతాడు. చెప్పాక ఇక సాగదీయడు, సంచిలో వేసి ఇస్తాడు.

ప్రజెంటేషన్‌కు కావలసినదంతా ఇందులో ఉంది. వినేవాళ్ల అవసరంతో మొదలుపెట్టాడు. ఒక్క సంగతే చెప్పాడు. రుజువు కళ్ల ముందు పెట్టాడు. ఏం చేయాలో చెప్పి ఆపాడు. పొద్దుగూకేదాకా అవే మాటలు చెప్పీ చెప్పీ అక్కర్లేనివి రాల్చేసుకున్నాడు.

కూరగాయల కత్తీ, కోట్ల ప్రాజెక్టూ ఒకటేనా అని అడగొచ్చు. విషయం ఎంత చిక్కుదైతే ఈ పద్ధతి అంత అవసరం. 2003 జనవరిలో అమెరికా అంతరిక్ష నౌక కొలంబియా నింగికి లేస్తుండగా ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌక కక్ష్యలో ఉండగానే బోయింగ్ ఇంజినీర్లు నాసాకు స్లైడ్లతో పరిస్థితి వివరించారు. ఒక స్లైడులో పైనున్న శీర్షిక భరోసా ఇస్తున్నట్టుంది. అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉన్న సంగతి వేరు: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, ఇప్పుడు తగిలినదాని అంచనా 1,920. అంటే 640 రెట్లు. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ నౌక ముక్కలై, కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ చనిపోయారు. ప్రమాదానికి ఆ స్లైడే కారణమని అనలేం. కానీ దర్యాప్తు బోర్డు దాన్ని తన నివేదికలో అచ్చువేసి, సాంకేతిక నివేదికల బదులు స్లైడ్లతో సరిపెట్టే పద్ధతిని తప్పుబట్టింది. 640 రెట్లు అన్న మాట శీర్షికలో ఉండాల్సింది.

కాబట్టి కంప్యూటర్ తెరవకముందే కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోండి: నా మాట విన్నాక వీళ్లు ఏం చేయాలి? ఆ వాక్యం కుదరకపోతే మీటింగు వాయిదా వేయండి. నిర్ణయాన్ని మార్చగల అంకె ఏదో తేల్చుకుని మొదట్లోనే చూపండి. పట్టికలు, వివరాలు కాగితం మీద అచ్చువేసి ముందే పంచండి. నిలబడి, గడియారం పెట్టుకుని, గొంతెత్తి చెప్పి చూసుకోండి. నోరు తిరగని వాక్యం ఎంత అందంగా ఉన్నా కొట్టేయండి. ఇరవై నిమిషాలిస్తే పదిహేనులో ముగించి, మిగతాది ప్రశ్నలకు వదలండి. కరెంటు పోయి ప్రొజెక్టర్ ఆగినా చెప్పగలిగితేనే తయారైనట్టు. తెలియని ప్రశ్నకు ‘కనుక్కుని రేపు చెబుతాను’ అనడంలో చిన్నతనమేమీ లేదు.

వినేవాళ్లకూ బాధ్యత ఉంది. చాలామంది పిల్లలు తెర వెనక దాక్కునేది విషయం రాక కాదు, ఇంగ్లిష్ తప్పుతుందన్న భయంతో. భాష విషయంలో ఈ జంకు కొత్తది కాదు. 1921 నవంబరులో అబిడ్స్‌కు దగ్గర్లోని వివేకవర్ధని ఆవరణలో, సంఘ సంస్కర్త కర్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో న్యాయవాది అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేశారు. ఆ అవమానం నుంచే తెలుగువాళ్ల ఆంధ్ర జన సంఘం పుట్టింది. వందేళ్లు దాటినా మన ఊళ్లో తెలుగు పిల్లలు మీటింగులో నోరు తెరవడానికి జంకుతున్నారంటే సిగ్గుపడాల్సింది ఎదుట కూర్చున్న మనమే. మేనేజర్లారా, మాస్టార్లారా, వచ్చిన భాషలో చెప్పనివ్వండి. మూడో స్లైడు కూడా చదవడం మొదలుపెడితే ఆపి, ‘తెర సంగతి వదిలెయ్యి బాబూ, మేమేం చేయాలో చెప్పు’ అని మంచిగా అడగండి. తెలిసిన పిల్లలు తప్పకుండా చెబుతారు.