ప్రేమకు దండోరా ఎందుకు?

మిమ్మల్ని ప్రేమించే మనిషి పది మీటర్ల దూరంలోకి వస్తే మీ ఫోన్ మోగుతుంది. దక్షిణ కొరియా ప్రేమ సీరియల్ 'లవ్ అలారమ్' మొత్తం ఈ ఒక్క ఊహ మీదే నడుస్తుంది. చోన్ కై-యంగ్ వెబ్‌టూన్ ఆధారంగా తీసిన ఈ సీరియల్ మొదటి సీజన్‌ను నెట్‌ఫ్లిక్స్ 2019 ఆగస్టులో 8 ఎపిసోడ్లుగా, రెండో సీజన్‌ను 2021 మార్చి 12న 6 ఎపిసోడ్లుగా విడుదల చేసింది. ఫోన్ మోగినప్పటి పులకింత మొదటిదానికి ప్రాణం. మోగకపోతే ఏమవుతుందన్నది రెండోదాని ప్రశ్న.

కథానాయిక జోజో (కిమ్ సో-హ్యున్) తల్లిదండ్రుల్లేని పిల్ల. తన మనసులోని మాట అవతలి వాళ్ల ఫోన్‌కు చేరకుండా యాప్‌లో 'షీల్డ్' పెట్టుకుంటుంది. దాంతో తొలిప్రేమికుడు సన్-ఓ (సాంగ్ కాంగ్) దూరమవుతాడు. రెండో సీజన్‌లో హే-యంగ్ (జంగ్ గా-రామ్) ఆమెకు దగ్గరవుతాడు. అతని ప్రేమ ఆమె ఫోన్‌లో మోగుతూనే ఉంటుంది. ఆమె ప్రేమ అతని ఫోన్‌లో మోగదు. అయినా అతను రుజువు అడగడు, ఎదురుచూస్తాడు. జోజో చివరికి అతన్నే ఎంచుకుంటుంది. సన్-ఓ అభిమానులు ఈ ముగింపు చూసి మండిపడ్డారు. కానీ మనసులోని సంగతి ఎప్పుడు, ఎవరికి చెప్పాలో తేల్చుకునే హక్కు ఆ మనిషిదే అన్న మాట ఈ ముగింపులోనే ఉంది.

సియోల్‌లో అది ఊహ. భిలాయ్‌లోని కోహ్కా లాంటి పేటలో మాత్రం కళ్లెదుటి సంగతి. సోవియట్ సాయంతో కట్టిన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. పని వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచీ జనం అక్కడికి చేరారు. వాళ్లలో ఉత్తరాంధ్ర తెలుగువాళ్లూ ఉన్నారు. రకరకాల భాషలు, కులాలు, మతాలు ఇరుగుపొరుగైన ఊళ్లో పిల్లల మనసులు గోడలు దాటడం వింతేమీ కాదు.

దాటాక ఎదురయ్యేది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. మతాలు వేరైన జంట, ఎవరూ మతం మారకుండా పెళ్లి చేసుకోవాలంటే ప్రధానమైన దారి ఇదే. ముందుగా వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. ఆయన దాన్ని తన కార్యాలయంలో అందరికీ కనబడేచోట అంటించాలి. 30 రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అంతటితో అయిపోలేదు. ఇద్దరిలో ఒకరి శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే, ఆ జిల్లా వివాహాధికారికీ ప్రతి వెళ్లాలి, అక్కడా గోడకెక్కాలి. అంటే కోహ్కాలో అద్దెకుంటున్న శ్రీకాకుళం కుర్రాడు పెళ్లి తలపెడితే దుర్గ్‌లో ఒకసారి, శ్రీకాకుళంలో మరోసారి దండోరా పడుతుంది. యాప్ మోత పది మీటర్లే. చట్టం మోత రాష్ట్రాలు దాటుతుంది. పైగా దీనికి షీల్డ్ లేదు.

నోటీసుకు కారణమే లేదనలేం. ఇదివరకే పెళ్లయినవాళ్లు, వయసు రానివాళ్లు, చట్టం నిషేధించిన బంధుత్వం ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోకుండా చూడాలి. అయితే హిందూ వివాహ చట్టం కింద పెళ్లాడేవాళ్లకూ ఇలాంటి నిషేధాలే ఉన్నాయి. వాళ్లను మాత్రం ముందస్తు నోటీసు అడగడం లేదు. తనిఖీ అవసరమైతే అధికారి కాగితాలు చూసి చేయవచ్చు. గోడ ఎందుకు?

ఈ ప్రశ్న కోర్టుకెక్కింది. రెండో సీజన్ విడుదలకు రెండు నెలల ముందు, 2021 జనవరి 12న అలహాబాద్ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. నోటీసును ప్రచురించాలా వద్దా అన్నది జంట ఇష్టమనీ, వాళ్లు రాతపూర్వకంగా కోరితేనే ప్రచురించాలనీ చెప్పింది. ఆ హైకోర్టు పరిధి ఉత్తరప్రదేశ్. అంతకుముందు 2020లో కేరళ ప్రభుత్వం ఈ నోటీసులను వెబ్‌సైట్లో పెట్టడం ఆపింది. చట్టంలోని సెక్షన్ మాత్రం అలాగే ఉంది.

సంగతి బయటపడితే పోయేది పరువేనని తేలిగ్గా తీసుకోలేం. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ని గర్భవతి అయిన భార్య కళ్లెదుటే నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. ఆ జంట పెళ్లికి ఈ నోటీసుతో సంబంధం లేకపోవచ్చు. పెద్దల పగ ఎంత దూరం వెళ్లగలదో మాత్రం ఆ కేసు చూపించింది. అలాంటి పెద్దలకు 30 రోజుల గడువు, జంట చిరునామా ప్రభుత్వమే అందించడం ఏ రక్షణ కిందికి వస్తుంది?

జోజోకు కనీసం షీల్డ్ దొరికింది. దాన్ని గౌరవించి రుజువు అడగని మనిషీ దొరికాడు. కోహ్కా జంట ప్రభుత్వాన్ని కోరేదీ అదే: పెళ్లి అయ్యాక అందరికీ చెప్పుకుంటారు, అప్పటిదాకా నోరు మెదపకుండా ఉండమని.