విద్యుత్ మోటారుకార్లు - స్వదేశీ

గడచిన 2025వ సంవత్సరమున భారతదేశమందు అమ్ముడుపోయిన విద్యుత్ మోటారుకార్ల సంఖ్య 1 లక్ష 75 వేలు దాటినది. అంతకు ముందటి యేడు ఈ సంఖ్య సుమారు 1 లక్ష మాత్రమే. ఒక్క యేటిలో నూటికి 70 వంతులకు పైగా వృద్ధి కలుగుట సామాన్య విషయము కాదు. అయినను దేశమున ఆ యేడు అమ్ముడుపోయిన కార్లన్నింటిలో విద్యుత్ కార్లు నూటికి 4 మాత్రమే. నార్వే దేశమున అదే యేడు అమ్ముడుపోయిన కొత్తకార్లలో నూటికి 95కు పైగా విద్యుత్తుతో నడచునవే. చీనాలో 2024లోనే కొత్తకార్లలో ఇంచుమించు సగము ఈ జాతివి. వానితో పోల్చిచూచినచో మన దేశమున ఈ పరిశ్రమ యింకను మొక్కగానే యున్నదని చెప్పవలెను. మొక్కై వంగనిది మానై వంగునా యని మన పెద్దలు చెప్పిన మాట ఇచ్చట స్మరింపదగినది. ఈ పరిశ్రమను మనము ఎట్లు వంచదలచితిమో నిర్ణయించుకొనవలసిన కాలమిదియే.

విపణి స్వరూపము మారిన తీరును పాఠకులు గమనింతురుగాక. 2001లో బెంగుళూరున రేవా యను చిన్న విద్యుత్ కారు వెలువడినది. అది చూచువారికి వింతయయ్యెనే గాని కుటుంబములకు వాహనము కాజాలకపోయెను. 2010లో మహీంద్రావారు ఆ కంపెనీని కైవసము చేసికొనిరి. 2020 జనవరిలో టాటావారు నెక్సాన్ విద్యుత్ కారును విడుదల చేసిన పిదపనే మధ్యతరగతి జనులు ఈ బండ్లను కన్నెత్తి చూచుట ఆరంభమయ్యెను. తరువాత తియాగో, పంచ్ మున్నగు బండ్లతో టాటావారు ఈ రంగమున ఏకచ్ఛత్రాధిపత్యము వహించిరి. 2023-24లో సైతము అమ్ముడుపోయిన విద్యుత్ కార్లలో నూటికి 70 వంతులకు పైగా వారివే. 2025 ముగియునప్పటికి ఆ భాగము 40కి దిగినది. వారి బండ్లు తక్కువగా అమ్ముడుపోయినందువలన ఇట్లు జరుగలేదు. వారి విక్రయము పెరిగినది. పోటీదారుల విక్రయము అంతకంటె వేగముగా పెరిగినది.

ఆ పోటీదారులలో మొదట పేర్కొనదగినది ఎం.జి. కంపెనీ. పేరు ఇంగ్లీషువారిది; యాజమాన్యము చీనాలోని శాయిక్ సంస్థది; 2023లో కుదిరిన ఒడంబడిక వలన నూటికి 35 వంతుల వాటా మన జిందాల్‌వారి జె.ఎస్.డబ్ల్యు.ది. 2024 సెప్టెంబరులో వారు విండ్సర్ అను కారును విడుదల చేయుచు ఒక కొత్త యుక్తి పన్నిరి. బండికి 9 లక్షల 99 వేలు చెల్లించి, బ్యాటరీకి మాత్రము నడిపిన ప్రతి కిలోమీటరునకు 3 రూపాయల 50 పైసల చొప్పున అద్దె చెల్లింపవచ్చునని ప్రకటించిరి. విద్యుత్ కారు కొనువారిని వెనుకకు లాగునది బ్యాటరీ వెలయే. ఆ భయమును వారు బాడుగ లెక్కలోనికి మార్చిరి. ఏనుగు వంటి వెల చూచి జంకినవారు నెలనెల చెల్లింపు చూచి ముందునకు వచ్చిరి. 2024 నవంబరులో మహీంద్రావారు బి.ఇ.6, ఎక్స్.ఇ.వి.9ఇ అను పెద్దబండ్లతో రంగమున ప్రవేశించిరి. 2025 జనవరిలో హ్యుండాయ్‌వారి క్రెటా, జూన్‌లో టాటాల హారియర్ వచ్చినవి. జూలైలో కియావారు మన అనంతపుర ప్రాంతమందలి పెనుకొండ కర్మాగారమున తయారుచేసిన క్యారెన్స్ క్లావిస్ విద్యుత్ కారును విపణిలో నిలిపిరి. ఆగస్టులో వియత్నాం దేశపు విన్‌ఫాస్ట్‌వారు తూత్తుకుడిలో కర్మాగారము తెరచిరి. అదే మాసమున గుజరాతులోని హన్సల్‌పూరునుండి మారుతీవారి ఇ-విటారా ఎగుమతికి సిద్ధమయ్యెను.

ఈ పోటీవలన కొనువారికి మేలే జరిగినది. ఒకే వెలకు ఎక్కువ దూరము పోగల బండ్లు, దీర్ఘకాలపు బ్యాటరీ హామీలు లభించుచున్నవి. ప్రభుత్వమును తన వంతు చేయూత నిచ్చినది. 2019 ఆగస్టునుండి విద్యుత్ వాహనములపై జి.ఎస్.టి. నూటికి 5 మాత్రమే. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు కార్లపై పన్ను 28 నుండి 18కి తగ్గుటచే ఆ అంతరము కొంత కుంచించుకొనిపోయినను విద్యుత్ బండ్ల గిరాకి కుంటుపడలేదు. దేశమునకు కావలసిన ముడినూనెలో నూటికి 85 వంతులకు పైగా పరదేశములనుండి కొనుచున్న మనకు, నూనె లేక నడచు ప్రతి బండియు కొంత ఊరటయే యని వేరుగ చెప్పనక్కరలేదు.

అయినను ఇల్లలుకగనే పండుగ కాదు. ఈ కార్లపై ముద్రించిన పేర్లు కొన్ని మనవి. కూర్చిన చేతులు మనవి. కాని బండికి ప్రాణమైన వస్తువు ఎవరిదని ప్రశ్నించిన మనము తలవంచుకొనవలసియున్నది. విద్యుత్ కారు వెలలో సుమారు మూడవవంతు బ్యాటరీదే. ఆ బ్యాటరీ పెట్టె మన దేశమున కూర్చబడుచున్నను, లోపలి సెల్లులలో అత్యధికభాగము చీనానుండి వచ్చుచున్నవి. ప్రపంచమున తయారగు సెల్లులలో నాలుగింట మూడు వంతులకు పైగా ఆ దేశమువే. మోటారులోని బలమైన అయస్కాంతములకు కావలసిన నియోడిమియం వంటి అరుదు మృత్తిక లోహముల సంగతియు నిట్టిదే. ఆ అయస్కాంతములలో నూటికి 90 వంతులు చీనావే.

ఈ పరాధీనత యెట్టిదో 2025 ఏప్రిల్‌లో తేటతెల్లమైనది. చీనా ప్రభుత్వము ఏడు లోహములపైనను, వానితో చేసిన అయస్కాంతములపైనను ఎగుమతి అనుమతుల నిర్బంధము విధించెను. కారు తూకములో ఒకటి రెండు కిలోలకు మించని వస్తువు రాకపోవుటచే మహాకర్మాగారములు దిక్కులు చూడవలసివచ్చెను. మారుతీవారు ఇ-విటారా ప్రథమ మాసముల ఉత్పత్తి సంకల్పమును తగ్గించుకొన్నట్లు జూన్‌లో వార్తలు వెలువడెను. జూలైలో చీనా బ్యాటరీ ధనధ్రువ పదార్థముల తయారీ విద్యపై కూడ కట్టుబాట్లు పెట్టినది. వస్తువును అమ్మువాడు తలుపు మూసినచో కొనువాడు వాకిట నిలుచుండును. విద్యను దాచుకొన్నచో కొనువాడు ఎన్నటికిని కొనువాడుగనే మిగులును.

ఈ సందర్భమున ఆంధ్రుల మనస్సును కలచదగిన విషయమొకటి గలదు. అణుశక్తి శాఖవారి అంచనా ననుసరించి దేశమందలి మోనజైట్ నిలువలు 1 కోటి 30 లక్షల టన్నులు. అందులో 37 లక్షల టన్నులకు పైగా కలిగి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములన్నింటిలో ప్రథమస్థానమున నున్నది. భీమునిపట్టణపు ఇసుకయందు ఈ ఖనిజమున్నదని శాస్త్రజ్ఞులు చిరకాలమునుండి యెరుగుదురు. ఐ.ఆర్.ఇ.ఎల్. అను ప్రభుత్వ సంస్థ ఇసుకనుండి ఈ పదార్థములను వేరు చేయుచున్నది. 2012 నాటి ఒడంబడిక ననుసరించి ఆ పదార్థము విశాఖపట్టణ ప్రాంతమున జపానువారి టొయోట్సు కర్మాగారమునకు చేరి, అచ్చట శుద్ధియై, జపానునకు పోయి అయస్కాంతమగుచు వచ్చినది. మన ప్రత్తి సముద్రము దాటి పోయి, బట్టయై, నాలుగింతల వెలకు తిరిగి మన సంతలకు వచ్చిన కాలమును మన తాతలు చూచిరి. ఆ కథ ఇసుకలో మరల వ్రాయబడుచుండ మనము చూచుచు నూరకుండుటయా? ఆ ఎగుమతిని నిలిపి దేశావసరములకు ఉంచుమని 2025 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము సూచించినట్లు తెలియవచ్చినది. సూచన మంచిదే. కాని ఇసుకను ఇంట నుంచుకొన్న మాత్రమున అది అయస్కాంతము కాదు. 2023 మే 11న విశాఖలో ప్రారంభమైన ఐ.ఆర్.ఇ.ఎల్. కర్మాగారము ఏటికి 3 వేల కిలోల సమేరియం-కోబాల్ట్ అయస్కాంతములను చేయగలదు. అది రక్షణశాఖ, అణుశక్తి, అంతరిక్ష శాఖల అవసరములకు ఉద్దేశింపబడినది. కార్ల అవసరము దానికి అందదు. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గము 7,280 కోట్ల రూపాయలతో ఏటికి 6 వేల టన్నుల అయస్కాంతముల ఉత్పత్తికై అనుమతించిన పథకము ఈ లోటును తీర్చుటకే. మోనజైట్‌లో థోరియమున్నందున దానిని తీయుట ప్రభుత్వము చేతిలోనే యుండవలెను. మరియు డిస్ప్రోసియం వంటి భారలోహములు మన ఇసుకయందు తగినంతగా లభింపవు. ఈ పరిమితులను దాచుట దేశభక్తి కాదు. వానిని తెలిసికొని, లభించు దానినైన సంపూర్ణముగ వినియోగించుకొనుటయే కర్తవ్యము.

ఈ సమస్య మనకు కొత్తది కాదు. పరప్రభుత్వము కాలమున విశ్వేశ్వరయ్యగారు దేశమున మోటారు కర్మాగారము ఉండవలెనని పట్టుపట్టిరి. 1941లో విశాఖపట్టణమున నౌకానిర్మాణశాలకు పునాది వేయించిన వాల్‌చంద్ హీరాచంద్‌గారే 1944లో బొంబాయియందు ప్రీమియర్ మోటారు కంపెనీని స్థాపించిరి. ఆ కాలపు బండ్లును పరదేశముల భాగములను తెచ్చి కూర్చినవే. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1953లో ప్రభుత్వము, భాగములను క్రమక్రమముగ ఇచ్చటనే తయారుచేయు ప్రణాళిక లేని కంపెనీలకు చోటు లేదని శాసించెను. జనరల్ మోటార్స్, ఫోర్డ్ కంపెనీలు మూటముల్లె కట్టుకొనిపోయినవి. పరిశ్రమ నిలిచినది. కాని పోటీ లేని ఆ నీడలో అంబాసడర్ బండి తరములు గడచినను రూపు మారలేదు; కొనువాడు ఏండ్ల తరబడి వేచియుండవలసివచ్చినది. 1983 డిసెంబరులో సుజుకీవారి సాయముతో మారుతి వచ్చువరకు ఆ నిద్ర వీడలేదు. కావున గోడ కట్టుటయే స్వదేశీ యనుకొనుట ఎంత పొరబాటో, తలుపులు బార్లా తెరచుటయే ప్రగతి యనుకొనుటయు అంతే పొరబాటు.

చీనావారు ఈ రెండింటి నడుమ త్రోవను కనుగొనిరి. షెన్‌జెన్ నగరమున 1995లో బ్యాటరీలు చేయు చిన్నసంస్థగ మొదలైన బి.వై.డి. కంపెనీ, 2025లో 22 లక్షలకు పైగా పూర్తి విద్యుత్ కార్లు అమ్మినది. అమెరికాలోని టెస్లా 16 లక్షలతో వెనుకబడినది. అంతకు ముందు చీనా 2019లో షాంఘై నగరమున టెస్లాకు సంపూర్ణ యాజమాన్యముతో కర్మాగారము నిచ్చెను. ఆ కర్మాగారమునకు భాగములు సరఫరా చేయుచు స్వదేశపు వృత్తికారులు పని నేర్చిరి. మన దేశమునకు అదే టెస్లా 2025 జూలై 15న బొంబాయిలో దుకాణముతో మాత్రము వచ్చెను. దిగుమతి సుంకముతో కలిసి బండి వెల సుమారు 60 లక్షలయ్యెను. ఆ యేడు అమ్మకము కొన్నివందలతో ఆగెను. 4,150 కోట్లు మూడేండ్లలో మదుపు పెట్టువారికి ఏటికి 8 వేల కార్ల వరకు సుంకము నూటికి 15కు తగ్గింతుమని 2024 మార్చిలో ప్రభుత్వము ప్రకటించినను, ఇచ్చట తయారుచేయుటయందు ఆ కంపెనీకి ఆసక్తి లేదని భారీపరిశ్రమల మంత్రి కుమారస్వామిగారే 2025 జూన్‌లో వెల్లడించిరి. దుకాణము పెట్టిన వానికిని కర్మాగారము పెట్టిన వానికిని ప్రభుత్వము చూపు భేదము సబబైనదే యని మా అభిప్రాయము.

చీనా కంపెనీల విషయము మరింత చిక్కైనది. బి.వై.డి.యు, హైదరాబాదులోని మేఘా సంస్థయు కలిసి 100 కోట్ల డాలర్లతో కార్ల కర్మాగారము పెట్టుటకు చేసిన ప్రతిపాదనను 2023లో కేంద్రము అంగీకరింపలేదు. సరిహద్దుల స్థితిని బట్టి ఆ నిర్ణయమునకు హేతువు లేకపోలేదు. కాని వారి యాజమాన్యమును వద్దని, వారి సెల్లులను ఓడలకొలది కొనుచుండుట ఏమి నీతి? కర్మాగారము ఇచ్చట ఉన్నచో పనివారైన మనవారు. సెల్లులు మాత్రమే వచ్చుచున్నచో మన చేతికి మిగులునది రశీదు. అదే బి.వై.డి. సాంకేతిక సాయముతో హైదరాబాదు ఒలెక్ట్రా సంస్థ చేసిన బస్సులు 2022 నుండి తిరుమల కనుమదారిని యెక్కి దిగుచున్నవి. జాగ్రత్తగ ఏర్పరచుకొన్న ఒడంబడికలో పరుల విద్య మన చేతికి వచ్చునని దీనివలన తెలియుచున్నది.

కావున మేము ప్రభుత్వమునకు విన్నవించునది మూడు మాటలు. మొదటిది, సెల్లుల ఉత్పత్తికై 2021లో ప్రకటించిన 18,100 కోట్ల పథకమును గూర్చినది. 50 గిగావాట్ గంటల సామర్థ్యము లక్ష్యము కాగా 2025 ముగియునప్పటికి స్థాపితమైనది అత్యల్పము. గడువులు పొడిగించుటతో సరిపుచ్చక, యంత్రములకు, నిపుణులకు కలుగుచున్న ఆటంకములను తొలగింపవలెను. రెండవది, పన్ను రాయితీ పొందు ప్రతి కంపెనీయు బండిలో స్వదేశీ భాగమెంతయో ఏటేట ప్రకటింపవలెను. ఆ భాగము పెరుగుటకు గడువు ఉండవలెను. 1953 నాటి దృఢత్వము కావలయును, ఆ తరువాతి అలసత్వము వలదు. మూడవది, 2025 నాటికి దేశమున బహిరంగ ఛార్జింగ్ స్థలములు సుమారు 29 వేలు. వానిలో అధికభాగము పెద్దనగరములందే యున్నవి. పల్లెటూళ్ల వైద్యుడు, తాలూకా కేంద్రపు వర్తకుడు నిశ్చింతగ కొనగలిగిననాడే ఈ బండి జాతీయ వాహనమగును.

తెలుగు రాష్ట్రములు రెండింటికి ఇందు ప్రత్యేక బాధ్యత గలదు. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో విద్యుత్ వాహనములకు రహదారి పన్నును, నమోదు రుసుమును మినహాయించినది. మహబూబ్‌నగరు జిల్లా దివిటిపల్లిలో అమరరాజావారు 9,500 కోట్లతో బ్యాటరీ కర్మాగారమును తలపెట్టి 2023లో శంకుస్థాపన చేసిరి. పెనుకొండలో కార్లు తయారగుచున్నవి, విశాఖతీరమున ఖనిజమున్నది. కారు, బ్యాటరీ, అయస్కాంతము - మూడును మన సీమలోనే ఉండగల యోగము దేశమున కొలది ప్రాంతములకు మాత్రమే గలదు. ఉభయ రాష్ట్రములు ఒండొరులతో పోటీపడి రాయితీలు పెంచుకొనుటకంటె, ఈ మూడింటిని ఒక గొలుసుగ కూర్చుట శ్రేయస్కరము. విశ్వవిద్యాలయములు, పాలిటెక్నిక్కులు సెల్లుల రసాయనశాస్త్రమును, మోటారు నిర్మాణమును బోధించు తరగతులను ఇప్పుడే ఆరంభింపవలెను.

కొనువారికిని ఒక మాట. కారు కొనబోవునపుడు వెల యెంత, ఎంత దూరము పోవునని అడుగుట సహజమే. దానితోపాటు, దీని బ్యాటరీ ఎచ్చట చేసిరి, దీని మోటారు ఎచ్చట చేసిరి యని అడుగుటయు అలవరచుకొనుడు. లక్షమంది అడిగిన ప్రశ్నకు కంపెనీలు సమాధానము చెప్పక తప్పదు. ఖద్దరు ఉద్యమము ఆనాడు ప్రతి గృహస్థుని అంగడి ముందు నిలిపి, ఈ నూలు ఎవరు వడికిరని అడుగుట నేర్పినది. ఆ ప్రశ్నకు నేటికిని కాలము చెల్లలేదు.