ఇంటిలో కొత్తదనం

‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అన్నది మన పెద్దల సామెత. ఇందులో కొత్తను మెచ్చుకొన్నదానికంటె మనుష్యుని చపలత్వాన్ని ఎత్తిపొడిచినదే ఎక్కువ. నేడు మన ఇండ్లలోకి కొత్తవి అనేకం వస్తున్నవి. వంటింటిలోకి చైనా, జపాను, కొరియా దేశాల వంటకాలు వచ్చినవి. అట్టలేని, కాగితంలేని డిజిటల్ పుస్తకం చేతిలోని ఫోనులోకి వచ్చినది. వీటిని చూచి మురిసిపోయేవారు కొందరు, బెదిరిపోయేవారు కొందరు. ఈ ఇరువర్గాలవారికీ మేము విన్నవింపదలచినది ఒక్కటే. కొత్త వస్తువు వచ్చినంతమాత్రాన ఇల్లు కొత్తది కాదు. ఆ వస్తువు ఎవరి చేతికి అందినది, ఆ పని ఎవరి చేతులు చేసినవి అన్నదే అసలు ప్రశ్న.

ముందుగా బెదిరేవారి మాట. మన ఆవకాయకు ఎరుపునిచ్చే మిరప ఈ నేలపై పుట్టినది కాదు. అమెరికా ఖండాలలో పుట్టిన ఆ మొక్క పోర్చుగీసువారి ఓడలలో 16వ శతాబ్దంలో మన తీరాలకు చేరినది. అంతకుముందు మన కూరలకు మిరియాలే కారం. టమాటా, జామ, బొప్పాయి, జీడిమామిడి, వేరుసెనగ కూడ ఆ ఖండాలనుండి వచ్చినవే. సీమచింత తన పేరులోనే పరదేశపు జాడను దాచుకొన్నది. అరబ్బుల హరీసు హైదరాబాదుకు వచ్చి, ఇక్కడి మసాలాను, నేతిని కలుపుకొని హలీముగా మారి, 2010లో భౌగోళిక గుర్తింపును కూడ పొందినది. నేడు సంప్రదాయమని మనం కాపాడుకొనేది ఒకనాడు ఎవరో ధైర్యం చేసి పొయ్యిమీద పెట్టిన కొత్తయే.

భాషలోను ఇంతే. కుతుబ్ షాహీల కాలంలో పొన్నెగంటి తెలగనార్యుడు సంస్కృత పదాలను విడిచి అచ్చతెనుగులో ‘యయాతి చరిత్ర’ను రచించినాడు. అంతకుముందు అట్టి కావ్యం లేదు. ఆ సాహసానికి అండగా నిలిచి కృతిని అందుకొన్నవాడు అమీన్ ఖాన్. తెలుగు, ఉర్దూ రెండును చదివే మన కళాశాలలో ప్రతి విద్యార్థియు తెలిసికొనదగిన సంగతి ఇది. కొత్తకు చోటిచ్చుట మనకు కొత్త కాదు.

ఇక మురిసేవారి మాట. కొనుట వేరు, ప్రయత్నించుట వేరు. పొట్లం చించి వేడినీటిలో వేసిన నూడుల్సు ఆకలి తీర్చవచ్చును గాని, వాటివలన ఒక దేశపు వంట మనకు తెలిసినట్లు కాదు. ఆదిలాబాదు రైతులు పండించే సోయా చిక్కుళ్ళను తెచ్చి, రాత్రి నానబెట్టి, రుబ్బి, వడగట్టి, ఆ పాలను కాచి, నిమ్మరసంతో విరిచి, గుడ్డలో కట్టి బరువు పెడితే తోఫు సిద్ధమవుతుంది. పాలవిరుగుడుతో పన్నీరు చేయుట ఎరిగిన ఇంటికి ఇది కొత్త చుట్టమే గాని పరాయిది కాదు. కొరియాలో చలికాలానికి ముందు కుటుంబాలు, ఇరుగుపొరుగులు కూడి కిమ్చీని కలుపుకొని పంచుకొంటారు. కిమ్‌జాంగ్ అనే ఆ ఆచారాన్ని 2013లో యునెస్కో మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చినది. వేసవిలో జాడీలు కడిగి ఎండబెట్టి, మామిడికాయలు కొట్టించి, ఆవకాయ కలిపి పొరుగింటికి ఒక గిన్నె పంపే మన ఇండ్లకు ఆ ఆచారం ఎంత దగ్గర! స్వయంగా చేసినవానికే ఈ చుట్టరికం బోధపడుతుంది.

కొత్త వంట అనగానే మన ఇండ్లలో అమ్మీజాన్ అడిగే మొదటి ప్రశ్న, ‘ఇందులో ఏమున్నది?’ అని. దీనిని ఛాందసమని నవ్వరాదు. జపాను వంటలలో వాడే మిరిన్ బియ్యంనుండి తీసిన మద్యం. కొన్ని మిఠాయిలలోని జెలటిన్ జంతువుల ఎముకలనుండి, చర్మంనుండి వచ్చినది. అడిగి తెలిసికొని, తగనిదానిని తీసివేసి, తగినదానిని వండుకొనుటయే వివేకం. ఆ ప్రశ్ననే మనం చదువుకు కూడ వేయవలెను. ఫోనులో కనిపించిన ఈ వాక్యం ఎవరు వ్రాసినది? ఏ పుస్తకంలోనిది? ఏ ముద్రణలోనిది? వంటింటి జాగ్రత్తలో సగమైనను చదువులో చూపితే అబద్ధపు వార్తలు ఇన్ని ఇండ్లు తిరిగేవి కావు.

డిజిటల్ పఠనం నిన్న పుట్టినది కాదు. 1971లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ ఒక ప్రకటనను కంప్యూటరులో ఎక్కించి గూటెన్‌బర్గ్ గ్రంథాలయానికి నాంది పలికినాడు. 1991లో వెలువడిన యూనికోడులో తెలుగు లిపికి స్థానం లభించినది. 2013లో మొదలైన రేఖ్తాలో ఉర్దూ కవిత్వం విరివిగా లభిస్తున్నది. పదంపై వ్రేలుంచితే అర్థం కనబడుతుంది. ఖరగ్‌పూర్ ఐఐటి నిర్మించిన జాతీయ డిజిటల్ గ్రంథాలయం 2018లో దేశానికి అంకితమైనది. ఇంట ఉర్దూ మాటలాడుతూ ఉర్దూ లిపి చదువలేని విద్యార్థులు మనలో కొల్లలు. వారికి ఇది తిరిగి దొరికిన తాళపుచెవి. చూపు మందగించిన నానీలకు అక్షరాన్ని పెద్దది చేసి చూపగల సౌకర్యం అచ్చుపుస్తకానికి ఎన్నడును లేదు. కాని వేయి పుస్తకాలు దింపుకొని ఒక్కదానినైనను తుదవరకు చదువనివాడు, సామాన్లన్నీ తెచ్చి పొయ్యి వెలిగించని వంటవాని వంటివాడే.

ఇప్పుడు అసలు మాటకు వస్తాము. కొత్త వంట ఏదైనను, మన ఇండ్లలో దానిని వండేది పాత చేతులే. తల్లి, లేదా కూతురు. కొత్త ఫోను ఏదైనను, అది ముందుగా చేరేది కొడుకు చేతికే. ఇంట ఒక్క ఫోను ఉన్నచోట అన్న క్రికెట్టు చూచిన తరువాత, తమ్ముడు ఆటలాడిన తరువాత, వంటపాత్రలు కడిగిన తరువాత, రాత్రి పదకొండు గంటలకు బ్యాటరీ అడుగంటిన ఫోను చెల్లెలికి దక్కుతుంది. తరగతిలో అందరికంటె ముందు పాఠం అప్పగించగల బాలిక పరీక్షలో వెనుకబడితే మనం ఆమె తెలివిని శంకిస్తున్నాము. ఆమెకు దక్కిన సమయాన్ని మాత్రం లెక్కించుటలేదు. కొడుకు ఇంటికి కొరియా కిమ్చీ తెప్పించి ‘మేము ఆధునికులం’ అనుకొన్నను, తిన్న పళ్ళెం తీయుటకు చెల్లెలినే పిలిస్తే ఆ ఇంట ఏ కొత్తయు ప్రవేశింపలేదు.

కాబట్టి విద్యార్థులారా, వారానికి ఒక్కపూట మీరు వండండి. తోఫు కుదరకపోయినను పప్పుచారు కుదురుతుంది. ఆ పూట ఫోనును చెల్లెలి చేతిలో ఉంచండి. విద్యార్థినులారా, ఆ గంటను సంకోచం లేకుండ పుచ్చుకొనండి. ఒక్క పుస్తకాన్ని ఎన్నుకొని రోజుకు పది పుటలు చదివి, ముఖ్యమైన మాటను నోటుబుక్కులో వ్రాసికొనండి. ఇది దానం కాదు, మీ హక్కు.

కళాశాల పాలకసంఘపు పెద్దలకు మూడు మనవులు. గ్రంథాలయంలోని కంప్యూటర్లను ఇంట ఫోను దక్కని బాలికలకు ప్రతిదినం ఒక గంట ప్రత్యేకింపవలెను. ఆ గంట వారు బస్సెక్కే వేళకు ముందే ఉండవలెను. వార్షికోత్సవపు వంటల పోటీని బాలురకు కూడ తెరువవలెను. ఈ పత్రిక పాత సంచికలను విద్యార్థులచేత రెండు లిపులలోను యూనికోడులో టైపు చేయింపవలెను. ఫొటో తీసి పెట్టిన పుటలో పేరు వెదకుట కష్టం, టైపు చేసిన పుటలో క్షణంలో దొరుకుతుంది. వీటికి పెద్ద ఖర్చు లేదు. కావలసినది మనసు.

‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్నారు. సమానత్వంపై వేదికలెక్కి ఉపన్యసించుట సులభం. చెల్లెలి చేతిలోని గరిటెను తాను పుచ్చుకొని, తన చేతిలోని ఫోనును ఆమెకందించే అన్న ఉన్న ఇంట, ఆ పూట వంట కాస్త మాడినను ఫరవాలేదు.